నేను మరచిపోతే నా రక్షణ ఏమవుతుంది?

ప్రశ్న: నా వయస్సు 74 సంవత్సరాలు. మిషను పాఠశాలలో తెలుగు ఉపాధ్యాయినిగా పనిచేసి పదవీ విరమణ పొందాను. మా వారు పోర్టులో ఉద్యోగం చేశారు. ఆరేళ్ల క్రితం ప్రభువునందు నిద్రించారు. పెళ్లయిన నాటినుంచి విశాఖపట్నం పాత పోస్టాఫీసు ప్రాంతంలో సొంత ఇంట్లో ఉన్న నేను, మోకాళ్ల నొప్పుల వల్ల నిరుడు మధురవాడలో ఆరో అంతస్తులో ఉన్న మా అబ్బాయి ఫ్లాటుకు మారాను. కొడుకు, కోడలు బాగానే చూసుకుంటున్నారు. అయినా నాది అనుకున్నది ఒక్కొక్కటిగా చేజారుతోంది. గొంతు పోయి క్వయిరులో పాడలేకపోతున్నాను. మా పాత సంఘానికి నెలకొకసారి వెళ్లడమే గగనమైంది. ఇక్కడ దగ్గరలో ఉన్న సంఘంలో డ్రమ్ముల మోతకు తల తిరుగుతుంది, ఆ పాటలు ఒక్కటీ నాకు రావు. ఈ మధ్య ప్రార్థన కూటంలో ఇరవై మూడవ కీర్తన చెబుతూ మధ్యలో ఆగిపోయాను. చిన్ననాటినుంచి కంఠతా వచ్చిన కీర్తన అది. ఒకనాటికి నేను ప్రభువునే మరచిపోతే నా రక్షణ ఏమవుతుందోనని అప్పటినుంచి భయం పట్టుకుంది. వృద్ధాప్యంలో కాలేబు వలె బలంగా ఉండాలని పాస్టరు గారు బోధించినప్పుడల్లా నా విశ్వాసం చాలదేమో అనిపిస్తోంది. ఇల్లు అమ్మేద్దామని అబ్బాయి అంటున్నాడు. శుభ శుక్రవారం ఆరాధనలో, సిలువ మీద ప్రభువు పలికిన ఏడు మాటలలో మూడవ మాట గురించి చెప్పమని పాత సంఘం వారు అడిగారు. ఒప్పుకోవాలా, వద్దా?

సమాధానం: అమ్మగారికి వందనాలు. మీ ఉత్తరంలో ఆరేడు కష్టాలు ఉన్నాయి గాని, వాటన్నిటికీ అడుగున ఉన్నది ఒక్కటే ప్రశ్న అని నాకు అనిపించింది. ప్రభువును మరచిపోతే ఏమవుతుందన్నదే ఆ ప్రశ్న. కాబట్టి ముందు దాన్ని తీసుకుని, ఇల్లు సంగతి, డ్రమ్ముల సంగతి తరువాత చూద్దాం.

ఆ ప్రశ్న వెనుక ఒక లెక్క ఉంది. రక్షణ అనేది మనం ప్రభువును పట్టుకొని ఉండడం మీద ఆధారపడి ఉందనీ, పట్టు సడలితే అదీ పోతుందనీ మనకు తెలియకుండానే ఆ లెక్క వేసుకుంటాం. వాక్యాలు కంఠతా పట్టి, ఆదివారం బడిలో బహుమతులు అందుకొని, ఇతరులకు నేర్పించి జీవితమంతా గడిపిన మీ వంటివారికి ఆ లెక్క మరింత సహజం, ఎందుకంటే మీ విశ్వాసానికి మీ జ్ఞాపకశక్తే ఇంతకాలం చేతికర్రలా ఉంది. అయితే పౌలు గలతీయులకు రాస్తూ, మీరు ఇప్పుడు దేవుణ్ణి ఎరిగినవారు అని మొదలుపెట్టి, అక్కడితో తృప్తిపడక, అంతకంటె విశేషంగా దేవునిచేత ఎరుగబడినవారు అని తన మాటను తానే సరిచేసుకుంటాడు. ఆ సవరణలోనే మీకు కావలసిన జవాబు ఉంది. మీరు ఆయనను ఎరిగి ఉండడం మొన్న ప్రార్థన కూటంలో తడబడినట్లు తడబడవచ్చు. ఆయన మిమ్మల్ని ఎరిగి ఉండడం మీ మెదడులో జరిగే పని కాదు గనుక అది తడబడదు.

యెషయా గ్రంథం 49వ అధ్యాయంలో ప్రభువు తనను మరచిపోయాడని సీయోను వాపోయినప్పుడు దేవుడు ఇచ్చిన జవాబు మీకు తెలిసినదే. చంటిబిడ్డను తల్లి మరచిపోతుందా అని అడిగి, అలా ఎన్నటికీ జరగదని ఆయన అనలేదు. "వారైనను మరచుదురు గాని నేను నిన్ను మరువను" అన్నాడు. తల్లి సైతం మరచిపోయే రోజు ఉంటుందని ఒప్పుకున్న తరువాత ఇచ్చిన మాట అది, కాబట్టి మనుష్యుల జ్ఞాపకం ఎంత బలహీనమైనదో తెలియక ఇచ్చిన మాట కాదు. ఆ వెంటనే, నా అరచేతుల మీద నిన్ను చెక్కుకున్నాను అంటాడు. చెక్కినది ఆయన చేతిలో ఉంది, మన చేతిలో కాదు.

మీ వారు పోర్టులో పనిచేశారు గనుక ఈ పోలిక మీకు సులువుగా అందుతుంది. బీచ్ రోడ్డు మీద నిలబడి చూస్తే, రేవులోకి వెళ్లడానికి వంతు కోసం లంగరు వేసుకున్న ఓడలు కనిపిస్తాయి. ఉదయం ఒక దిక్కుకు ముఖం పెట్టిన ఓడ, గాలీ ప్రవాహమూ మారేసరికి సాయంత్రానికి మరొక దిక్కుకు తిరిగి ఉంటుంది. ఓడ కదలకుండా చేయడం లంగరు పని కాదు. కదిలినా కొట్టుకుపోకుండా ఆపడమే దాని పని, పైగా ఆ పని నీళ్ల అడుగున, ఎవరి కంటికీ కనబడకుండా జరుగుతుంది. హెబ్రీయులకు రాసిన పత్రిక 6వ అధ్యాయంలో నిరీక్షణను ఆత్మకు లంగరు అన్నప్పుడు నాకు తోచేది ఇదే. మీ ఇల్లు మారింది, గొంతు మారింది, నడక మారింది. ఇంత తిరుగుడులో విశ్వాసం ఉన్నవారికి అలజడి ఉండకూడదని ఎవరైనా అంటే, వారు ఓడను దగ్గరగా చూసి ఉండరు.

ఇది చెప్పిన తరువాత మరొక మాట కూడా గట్టిగా చెప్పాలి: వైద్యుణ్ణి కలవండి. నలుగురిలో చెబుతూ ఒక వాక్యం దగ్గర ఆగిపోవడం ఆ వయస్సులో ఆశ్చర్యపడవలసినది కాదు గాని, దానికి భయపడి నిద్ర పాడుచేసుకోవడం కంటె పరీక్ష చేయించుకోవడం మేలు. విటమిన్ బి12 లోపం, థైరాయిడ్ తగ్గడం, వినికిడి తగ్గడం, నిద్రలేమి, కొన్ని రకాల మాత్రలు, అన్నిటికంటె ముఖ్యంగా లోపల అణచుకున్న దిగులు వంటివి కూడా మతిమరుపును తెస్తాయి, వీటిలో చాలావాటికి చికిత్స ఉంది. భర్తను కోల్పోయి, ఆ తరువాత ఇల్లు కూడా విడిచి వచ్చిన మనిషికి దిగులు కలగడం విశ్వాసలోపం కాదు. ఏలీయా అంతటివాడు బదరీ చెట్టు కింద చావును కోరుకున్నప్పుడు దేవుడు మొదట అతనికి నిద్ర, రొట్టె, నీళ్లు ఇచ్చాడు. మాట్లాడింది ఆ తరువాతనే. కింగ్ జార్జ్ ఆసుపత్రి (కె.జి.హెచ్.)లో గాని, మీ అబ్బాయికి నమ్మకమున్న మరొక చోట గాని చూపించుకోండి. ప్రార్థన చేస్తున్నాను గనుక డాక్టరు అవసరం లేదని మాత్రం అనకండి. పౌలుకు ప్రియుడైన లూకా వైద్యుడే.

ఇక కాలేబు. ఎనభై ఐదేళ్ల వయస్సులో, మోషే నన్ను పంపిన నాడు ఎంత బలం ఉందో నేడూ అంతే ఉంది, ఆ కొండ నాకివ్వు అని యెహోషువను అడిగిన కాలేబు గొప్పవాడే. కాని మా పాస్టర్లు, వారిలో ఎక్కువమంది నలభై ఏళ్లవారు, వృద్ధాప్యం అనగానే కాలేబునే ఎందుకు ఎత్తుకుంటారో నాకు ఎప్పుడూ అర్థం కాదు. బైబిలులో అతనికి దగ్గర వయస్సువాడే మరొకడు ఉన్నాడు. అతని మీద ప్రసంగం వినడం చాలా అరుదు. అతడు గిలాదువాడైన బర్జిల్లయి.

కొడుకు అబ్షాలోము తిరుగుబాటు చేసినప్పుడు దావీదు రాజు యెరూషలేము విడిచి యొర్దాను దాటి మహనయీముకు చేరాడు. అప్పుడు అతనికీ అతని మనుష్యులకూ పరుపులు, పాత్రలు, గోధుమలు, యవలు, తేనె, వెన్న, గొర్రెలు తెచ్చి ఆదుకున్నవారిలో బర్జిల్లయి ఒకడు. యుద్ధం ముగిసి రాజు తిరిగి వెళ్తున్నప్పుడు ఈ ముసలాయన నది వరకు సాగనంపడానికి వచ్చాడు. నాతో యెరూషలేముకు రా, నిన్ను నేను పోషిస్తాను అని దావీదు పిలిచాడు. బర్జిల్లయి వెళ్లలేదు. తనకు ఎనభై ఏళ్లు వచ్చాయనీ, తినే అన్నం రుచి తెలియడం లేదనీ, పాటలు పాడేవారి స్వరం వినబడడం లేదనీ, రాజుకు తాను భారం కాకూడదనీ, తన ఊరిలో తల్లిదండ్రుల సమాధి దగ్గర చనిపోవాలని ఉందనీ మొహమాటం లేకుండా చెప్పాడు. తన బదులు తన మనిషి కింహామును తీసుకువెళ్లమన్నాడు. రాజు అతణ్ణి ముద్దుపెట్టుకొని దీవించి పంపాడు. ఇదంతా రెండవ సమూయేలు 17, 19 అధ్యాయాలలో ఉంది. ఈ రాత్రే ఒకసారి చదవండి.

ఆ కథలో ఎక్కడా బర్జిల్లయిని విశ్వాసం తక్కువైనవాడని ఎవరూ అనలేదు. రుచి పోయింది, వినికిడి పోయింది, ప్రయాణం చేసే శక్తి పోయింది అని ఒప్పుకున్నందుకు అతనికి గౌరవం తగ్గలేదు. చనిపోయే ముందు దావీదు సొలొమోనుకు చెప్పిన చివరి మాటలలో బర్జిల్లయి కుమారులను నీ బల్ల దగ్గర భోజనం చేయనివ్వు అన్నది ఒకటి. కాబట్టి మీ మోకాళ్లు కొండలు ఎక్కనంటే దానికి దేవుని దగ్గర క్షమాపణ చెప్పుకోనక్కరలేదు. అయితే మీ సంగతి బర్జిల్లయి సంగతి కంటె ఒక విషయంలో కష్టతరమైనది, అది దాటవేయడం న్యాయం కాదు: అతడు తన ఊరికి తిరిగి వెళ్లగలిగాడు, మీరు మీ ఊరిలోనే ఉంటూ మీ ఇంటిని విడిచి రావలసి వచ్చింది.

ఆ సంగతికి యోహాను సువార్త చివరి అధ్యాయంలో ప్రభువు పేతురుతో అన్న మాట దగ్గరగా ఉంటుంది. యౌవనంలో నీ నడుము నీవే కట్టుకొని ఇష్టమైన చోటికి వెళ్లావు, ముసలివాడవైనప్పుడు చేతులు చాపుతావు, వేరొకడు నీ నడుము కట్టి నీకు ఇష్టంకాని చోటికి మోసుకుపోతాడు అన్నాడు. అది పేతురు ఎలాంటి మరణం పొందుతాడో సూచించిన మాట అని సువార్తికుడే చెప్పాడు, కాబట్టి దాన్ని మన ఫ్లాటు మారడానికి సరిగ్గా అతికించడం నా ఉద్దేశం కాదు. అయినా ఆ మాట వెంటనే ప్రభువు "నన్ను వెంబడించుము" అన్నాడని గమనించండి. ఇష్టంలేని చోటికి మోసుకుపోబడుతున్న మనిషి కూడా ఆయనను వెంబడించగలడన్నమాట. ఇన్నాళ్లూ బస్సెక్కి, మెట్లెక్కి, రోగుల ఇళ్లకు వెళ్లి వెంబడించారు. ఇప్పుడు కోడలు సాక్సు తొడుగుతుంటే కాలు చాపడం, మనుమడు చెయ్యి పట్టుకుంటే పట్టుకోనివ్వడం కూడా ఆ బాటలోనివే. ఇవ్వడం అలవాటైనవారికి పుచ్చుకోవడం నేర్చుకోవడం చాలా కష్టం. పదవీ విరమణ చేసిన ఉపాధ్యాయినులకు, నా అనుభవంలో, ఇంకా కష్టం.

యెషయా 46వ అధ్యాయం కూడా ఈ సందర్భంలో చదువుకోదగినది. బబులోనువారి బేలు, నెబో ప్రతిమలను పశువుల మీద ఎక్కించి తరలిస్తుంటే ఆ పశువులు బరువుకు వంగిపోతున్న దృశ్యంతో ఆ అధ్యాయం మొదలవుతుంది. దానికి ఎదురుగా, "ముదిమి వచ్చువరకు నిన్ను ఎత్తికొనువాడను నేనే" అనే మాట నిలుస్తుంది. మనం మోయవలసినవి కొన్ని, మనల్ని మోసేవాడు ఒకడు. మనది అనుకున్న ఇల్లు, పేరు, గొంతు, చివరికి మన భక్తి పేరిట మనం కట్టుకున్న అలవాట్లు కూడా ఒక వయస్సు తరువాత మొదటి కోవలోకి వస్తాయి. అవి చెడ్డవని కాదు, అవి మనల్ని మోయలేవని మాత్రమే.

ఇల్లు అమ్మకం విషయంలో నా సలహా చిన్నది. మనస్సు కుదుటపడే వరకు ఏ పత్రం మీదా సంతకం చేయకండి. మీ అబ్బాయి మంచివాడైనా ఇదే చెబుతాను. అమ్మితే ఆ డబ్బు మీ పేరిట ఉండాలి. దానపత్రం రాయాలనుకుంటే, మీ పోషణ, వైద్యం చూసుకోవాలన్న షరతు ఆ పత్రంలోనే రాయించండి, ఎందుకంటే తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ కోసం 2007లో వచ్చిన చట్టంలోని 23వ సెక్షను అలాంటి షరతు తప్పినప్పుడు ట్రిబ్యునలు ద్వారా ఆ బదిలీని రద్దు చేయించుకునే అవకాశం ఇస్తుంది. సందేహాలకు 14567 అనే ఉచిత వయోవృద్ధుల సహాయ నంబరు ఉంది. ఇలా జాగ్రత్తపడడం అపనమ్మకం కాదు. దేవునికి అర్పించామనే సాకుతో తల్లిదండ్రులను చూడనివారిని మార్కు సువార్త 7వ అధ్యాయంలో ప్రభువు ఎంత కఠినంగా మందలించాడో మీకు తెలుసు. వృద్ధుల జీవనాధారం ఆయనకు చిన్న విషయం కాదు. ఆ మాటకొస్తే, ఇంటి డబ్బులో పెద్ద భాగం ఎవరైనా పరిచర్య పేరిట అడిగినా ఇదే జవాబు చెప్పండి.

కొత్త సంఘం గురించి మీరు రాసినది చదివి కొంచెం నవ్వుకున్నాను, కొంచెం బాధపడ్డాను కూడా. వినికిడి తగ్గినవారికి పెద్ద శబ్దం మరింత కర్కశంగా తోచడం వైద్యులకు తెలిసిన సంగతే, కాబట్టి స్పీకర్లకు దూరంగా, వెనుక వరుసలో కూర్చోవడానికి సంకోచించకండి. పాటలు రాకపోవడం వేరే నొప్పి. మీ విశాఖపట్నంలోనే 1805లో లండను మిషనరీ సొసైటీ పక్షాన వచ్చిన జార్జ్ క్రాన్, ఆగస్టస్ డిగ్రాంజెస్ తెలుగు నేర్చుకొని, ఆనందరాయర్ అనే క్రైస్తవుని సాయంతో సువార్తలను తెలుగులోకి తేవడం మొదలుపెట్టారు. 1810 నాటికే వారిద్దరూ మరణించారు. వారు సిద్ధం చేసిన సువార్తలు 1812లో బెంగాలులోని శ్రీరాంపూరులో అచ్చయ్యాయి. అచ్చయిన పుస్తకాన్ని చేతిలో పట్టుకొని చూసే భాగ్యం వారికి దక్కలేదు. మీరు నలభై ఏళ్లు తరగతి గదిలో, ఆదివారం బడిలో చేసినదాని ఫలం కూడా మీకు తెలియని రాగంలో, మీకు నచ్చని డ్రమ్ముల మధ్య ఇప్పుడు ఎవరి నోటనో పలుకుతూ ఉండవచ్చు. అంతమాత్రాన మీరు మౌనంగా కూర్చోవాలని కాదు. అక్కడి అయ్యగారిని కలిసి, నెలకొక ఆదివారం ఒక పాత కీర్తన పాడించమని అడగండి. పిల్లలకు దాని వరుస మీరే నేర్పండి. పాడే గొంతు పోయినా నేర్పే గొంతు పోదు. నడవలేని వారాలలో ప్రభురాత్రి భోజనాన్ని ఇంటికి తీసుకురమ్మని అడగడానికి మొహమాటపడకండి. అది కాపరి బాధ్యత, మీకు చేసే ఉపకారం కాదు.

ఇరవై మూడవ కీర్తనను రోజూ రాత్రి మనుమడితో కలిసి బిగ్గరగా చదవండి, కంఠతా చెప్పాలని పంతం పట్టకుండా పుస్తకం చూసే చదవండి. చిన్ననాడు రాగంతో నేర్చుకున్నవి, జ్ఞాపకం బాగా దెబ్బతిన్నవారిలో కూడా చాలాకాలం నిలవడం తరచు చూసేదే. ఒకవేళ అవీ తప్పిపోతే, ఎలా ప్రార్థించాలో తెలియని చోట ఆత్మ తానే ఉచ్చరింప శక్యంకాని మూలుగులతో మన పక్షాన విజ్ఞాపన చేస్తాడని రోమా పత్రిక 8వ అధ్యాయం చెబుతోంది. సంఘం అనేది ఉన్నది కూడా అందుకే. మీరు ఆగిన చోట పక్కనున్నవారు అందుకొని కీర్తన పూర్తి చేశారా, లేదా? ఆ సంగతి మీరు ఉత్తరంలో రాయలేదు. నేననుకోవడం, చేసే ఉంటారు.

మూడవ మాట చెప్పడానికి ఒప్పుకోండి. "అమ్మా, యిదిగో నీ కుమారుడు" అన్న ఆ మాట చెప్పడానికి, భర్తను కోల్పోయి, కొడుకు ఇంటికి చేరిన తల్లి కంటె తగినవారు ఆ సంఘంలో ఎవరున్నారు? ప్రాణం పోతున్న వేళ ప్రభువు తన తల్లి ఎక్కడ ఉండాలో ఆలోచించాడు, ఆ గడియనుంచి ఆ శిష్యుడు ఆమెను తన ఇంట చేర్చుకున్నాడు. మరియ తనకు అలవాటైన ఇంటిని విడిచి మరొకరి ఇంటికి వెళ్లింది. అక్కడ ఆమెకు ఎలా ఉండేదో సువార్త చెప్పదు; మీరు దాని గురించి ఒకటి రెండు మాటలు చెప్పగలరు, ఆ వరుసలలో కూర్చున్న కొడుకులూ కోడళ్లూ వినవలసిన మాటలే అవి. కంఠతా చెప్పే ప్రయత్నం మాత్రం చేయకండి. పెద్ద అక్షరాలతో కాగితం మీద రాసుకోండి, వేదిక మీద కుర్చీ వేయించమని ముందే చెప్పండి, మీ అబ్బాయిని కారులో తీసుకువచ్చి ఆరాధన ముగిసే వరకు పక్కనే కూర్చోమనండి. ఆ రోజు ఒంట్లో బాగుండకపోతే ఆ కాగితం మీ మనుమడికి ఇచ్చి చదివించండి. ఏడుగురు మాట్లాడవలసిన ఆరాధన కనుక రెండు పుటలు మించకుండా చూసుకోండి.